చక్రవర్తికి పాలిష్

మా అమ్మ పూజలో ఒక వెండి బిళ్ళ ఉండేది. శ్రీకాకుళం దగ్గర అమ్మమ్మ వాళ్ళ మెట్టపొలం దున్నుతుంటే దొరికిందట. ఒకవైపు కుర్చీలో కూర్చున్న ఆడమనిషి. అమ్మ ఆవిడను లక్ష్మీదేవి అని తేల్చేసి శుక్రవారం శుక్రవారం కుంకుమ పెట్టేది. రెండోవైపు తలకు ఆకుల దండ చుట్టుకున్న మగవాడి మొహం. వాడి సంగతి ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

నాకు పట్టింది. అప్పుడు మేముండే జంషెడ్‌పూర్‌లోనే బీఏ చరిత్ర చదువుతున్నాను. "సరిత్ర సదివి ఏటి సేత్తావే?" అని నాన్న వారం వారం నా ప్రాణం తీసేవాడు. అలాంటిది, పాఠ్యపుస్తకంలో అచ్చం ఆ మొహమే కనిపించింది. రోమన్ చక్రవర్తి! తన మొహం కొట్టించి దేశదేశాలకూ పంపిన నాణేల్లో ఒకటి వచ్చి గోల్‌మురి పేటలో మా ఇంటి పూజగూట్లో కూర్చుంది. "సోమవారం తీసుకురా, క్లాసుకు చూపిద్దాం" అన్నారు మా లెక్చరర్. నాదీ ఒక చదువేనని నాన్నను ఒప్పించడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ మాట నాన్న చెవిన పడింది. ఆయన ఊరి పక్క గమ్హరియాలో ఒక చిన్న కార్ఖానాలో పాలిషింగ్ పని చేసేవాడు. శనివారం డ్యూటీకి పోతూ, నాకు మాట మాత్రం చెప్పకుండా బిళ్ళను జేబులో వేసుకుపోయాడు. సాయంత్రం వచ్చి నా ముందు రుమాలు విప్పాడు.

"సూడు, అద్దంలాగుంది! నల్ల మచ్చల్తో కాలేజీకి అట్టుకెల్తే మన పరువేటవుద్ది? ముందు గరుకు ఎమరీ కాయితం కొట్టి, తరవాత బఫింగ్ సక్రం మీద పెట్టాను."

చక్రవర్తి లేడు. ముక్కు లేదు, దండ లేదు, చుట్టూ ఉండాల్సిన అక్షరాలూ లేవు. ఇన్ని వందల ఏళ్ళు మట్టిలో పడి ఉన్నా చెక్కుచెదరనివాణ్ణి మా నాన్న ఒక్క షిఫ్టులో తుడిచిపెట్టేశాడు. నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

"అమ్మోరి పక్క ముట్టుకోనేదులే" అన్నాడు, ఓదారుస్తున్నట్టు.

"బతికించీసారు" అని అమ్మ ఊపిరి పీల్చుకుంది. ఆ ఇంట్లో చక్రవర్తి కోసం ఏడ్చింది నేనొక్కదాన్నే.

సోమవారం తీసుకెళ్ళాను. తీసుకెళ్ళకపోతే కోతలు కోశాననుకుంటారు. లెక్చరర్ బిళ్ళను అటూ ఇటూ తిప్పి, ఒకవైపు అద్దంలాంటి నునుపునూ రెండోవైపు కుంకుమ పట్టేసిన దేవతనూ చూసి, ఏ కంసాలి చేత చేయించావని హిందీలో అడిగారు. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు మధ్య నేనేం చెప్పినా ఎవరూ వినలేదు.

సాయంత్రం నాన్న ఇంకా స్కూటర్‌కు స్టాండు వేయనేలేదు. "ఏటన్నారు మీ మేస్టారు?"

"ఇప్పుడే చేయించిన బిళ్ళట! పాతదంటే నమ్మలేదు!" అని అరిచాను.

నాన్న మొహం వెలిగిపోయింది. అమ్మను కేకేసి మరీ బయటికి పిలిచాడు.

"ఇన్నావేటే? అంత సదూకున్న మేస్టారే కొత్తదనుకున్నాడట!"