వేడి చేసిందన్నాను

ఏళ్ల తరబడి ఒక మాటను మోస్తున్నాను. దాని బరువుకి నేను జానెడు పొట్టివాడినయ్యానని నా అనుమానం. నవ్వొస్తే నవ్వండి. నవ్వించడం ఒక్కటే నాకు చేతనైన పని. ఈ పాపమూ ఆ పనిలోనే జరిగింది.

ఎనభైల మొదట్లో సంగతి. మా అక్క మొగుడు మహారాష్ట్ర సరిహద్దు ఊరు మర్ఖేల్‌లో రైతు. అందరూ రొట్టెలో తొక్కు నంజుకుంటారు, మా బావ తొక్కులో రొట్టె నంజుకునేవాడు. అలాంటి మనిషికి మొహం, కాళ్లు ఉబ్బాయి. తల తిరగసాగింది. నేనే నాందేడు తీసుకుపోయాను. బస్సు ఎంత నెమ్మదంటే, మాతోపాటు ఎక్కిన కోడిపిల్ల దిగేటప్పటికి గుడ్డు పెట్టింది.

డాక్టరు నెత్తురు పరీక్ష చేయించాడు. సాయంత్రం బావ బయట చాయ్ తాగుతుంటే నన్నొక్కణ్ణే లోపలికి పిలిచి మరాఠీలో నిదానంగా చెప్పాడు. మూత్రపిండాలు బయటికి పంపాల్సిన యూరియా, క్రియాటినిన్ నెత్తుట్లోనే పేరుకుంటున్నాయి, బీపీ కూడా బాగా ఎక్కువగా ఉంది, ఇలాంటివాళ్లకు లక్వా కొట్టి ఒక పక్క పడిపోయే భయం ఉంటుంది అన్నాడు. ఉప్పు తగ్గించాలి. గోలీలు మానకూడదు. వచ్చే నెల మళ్లీ రావాలి. ఇంట్లోవాళ్లకు నువ్వే నచ్చజెప్పు, అన్నాడు.

మా వైపు బావా బావమరుదుల మధ్య సూటి మాట ఉండదు. ఎకసెక్కమే మర్యాద. సూటిగా మాట్లాడితే అలిగాడనుకుంటారు. ఇల్లు చేరేసరికి వాకిట్లో చుట్టాలు, పక్కింటివాళ్లు. బావే మొదలుపెట్టాడు.

"ఏం బామ్మర్దీ, ఏమన్నడు నీ డాక్టరు?"

"నీ నెత్తురు జూసి ఆయనకే చెమటలు వట్టినయ్ బావా. మా అక్క తొక్కు జాడీల కన్న నీ ఒంట్లనే ఉప్పు ఎక్కువున్నదట. ఇంకొక్క ముద్ద తింటె నీ మీసం ఒక దిక్కుకు ఒరుగుతదట."

వాకిలంతా ఘొల్లుమంది. బావ మీసం దువ్వుకుని రొట్టె పెట్టమన్నాడు. నేను చెప్పింది అబద్ధమా? కాదు. ఎవరూ నమ్మకుండా చెప్పిన నిజం.

అంతటితో ఆగినా ఇది రాసేవాణ్ణి కాదేమో. అక్క నన్ను పొయ్యి దగ్గరికి పిలిచింది.

"తమ్మీ, ఎక్కిరిచ్చుడు బంద్ జెయ్యి. నిజంగ ఏమన్నడు?"

ఆమె చేతులకు జొన్నపిండి. బయట నా తర్వాతి మాట కోసం జనం. లక్వా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏం లేదక్కా. వేడి చేసిందట. చల్ల తాగుమన్నడు."

ఎందుకన్నాను? ఆమె భయపడుతుందనా? వాకిట్లో నవ్వు చల్లారిపోతుందనా? మొదటిదే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. రెండోదే.

గోలీలు వేడికనుకుని వేసుకున్నాడు. అయిపోయాక ఎవరూ అడగలేదు. మళ్లీ నాందేడు పోదామంటే ఎందుకని అడుగుతారు, అడిగితే చెప్పాలి. నెలలు గడిచిపోయాయి.

పత్తి ఏరే రోజుల్లో ఒక పొద్దున బావ చేతిలోంచి రొట్టె జారింది. కుడి పక్క చచ్చుబడింది. మాట పోయింది. మూతి వంకరపోయి మీసం నిజంగానే ఒక దిక్కుకు ఒరిగింది. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.

అలాగే కొన్నేళ్లు బతికాడు. నేను పోయి పక్కన కూర్చుని పాత ఎకసెక్కాలే ఆడేవాణ్ణి. మరేం చేయగలను? సగం మొహం నవ్వేది. మిగతా సగం నన్ను చూస్తుండేది. ఆయనకు తెలుసా? నోరు లేని మనిషిని ఎలా అడగను? నేను చెప్పి ఉంటే మాత్రం ఉప్పు మానేవాడా? మానేవాడు కాదేమో. ఆ 'ఏమో'ను ఊతంగా పట్టుకుందామని ఎన్నిసార్లు చూశానో. అది నిలవదు. మానడమో మానకపోవడమో ఆయన ఇష్టానికి వదలాల్సిన సంగతి. ఆయన దాకా రానివ్వలేదు నేను.

బావ పోయాడు. ఇప్పటికీ ఇంటికెవరొచ్చినా అక్క, "మా తమ్ముడే నాందేడు దాక తీస్కపోయి చూపిచ్చిండు" అంటుంది. నేను తల వంచుకుని చాయ్ తాగుతాను. ఆమెకు చెప్పలేకపోయాను. చెప్పగలనని కూడా అనుకోను.

డాక్టరు ఏమన్నాడో నాకు తెలుసు. తెలిసే, వేడి చేసిందన్నాను. ఈ రెండు ముక్కలు ఎవరో ఒకరి ముందు పెట్టడానికే మిమ్మల్ని ఇంతసేపు కూర్చోబెట్టాను.