గోడవైపు తిరిగి చేసిన స్లైడ్లు

తాయారు భోగాపురంలో ఒక జిరాక్సు కొట్టులో టైపు చేసేది. పెళ్లిపత్రికలు, దరఖాస్తులు అక్కడి మామూలు పని. ఒకసారి ఎవరో తెచ్చిన లెక్కల పుస్తకంలో సమీకరణాలు ఎంత సర్దినా చెదిరిపోతుంటే, ఉచితంగా దొరికే లేటెక్ అనే సాఫ్ట్‌వేర్ దించుకుని తనంతట తానే నేర్చుకుంది. అందులో అక్షరాల్ని పట్టి జరపడం ఉండదు. ఏది ఎలా ఉండాలో ఆజ్ఞలుగా రాసి నడిపిస్తే పేజీలు, స్లైడ్లు తయారై వస్తాయి. ఒక్క బ్రాకెట్టు మూయకపోయినా పని ఆగిపోతుంది. కాలేజీల వాళ్లు ఆమెను వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు.

2016 జనవరిలో ఆమె భర్త ధనరాజ్ చేపల వేటకి వెళ్లిన తెప్ప ఒడ్డు కెరటాల్లో తిరగబడింది. శవాన్ని ఇంటికి తెచ్చారు. తాయారు ఏడవలేదు. అన్నం పెడితే తింది, లెమ్మంటే లేచింది.

మైల తీరకముందే విజయనగరం నుంచి లెక్కల లెక్చరర్ దుర్గాభవాని వచ్చింది. మర్నాడే ఆమె పీహెచ్‌డీ వైవా. స్లైడ్లు తాయారు చేసినవే. గైడు చెప్పాడని ఒక రుజువును దుర్గాభవాని తనే పెంచితే అది స్లైడు అడుగుదాటి పోయింది. సరిచేయబోతే ఫైలు నడవడమే మానేసింది. మరొకరెవరూ ఆ పని చేయగలవాళ్లు దొరకలేదు.

కొత్తగా భర్త పోయిన మనిషి ముఖం చూసి మంచిపనికి వెళ్లకూడదంటారు. అందుకని అత్త జగ్గమ్మ గుమ్మంలోనే ఆపింది.

“రేపు పరీచ్చ ఎట్టుకుని ఈ ఇంటికొచ్చీసినావేటమ్మా?”

“గతిలేక వచ్చాను పెద్దమ్మా. ఈ ల్యాప్‌టాప్‌లో తేడా వచ్చింది. ఇది చూపించకపోతే నా ఇన్నేళ్ల చదువూ పోయినట్టే.”

“మరి ఈ పెట్టికి మైలంటదా? రేపు పొద్దున్న దీనికి తలస్నానం సేయిస్తావేటి?”

వసారాలో కూర్చున్న ఆడవాళ్లు నవ్వబోయి, ఎక్కడున్నదీ గుర్తొచ్చి ఆగిపోయారు.

“అత్తా, ఆ పెట్టి ఇలాగ తే,” అంది లోపలినుంచి తాయారు. “నాను గోడకేసి తిరిగి కూకుంతాను. ఆవిడ నా ఎనక కూకుంతాది.”

అలాగే కూర్చున్నారు. దుర్గాభవానికి తాయారు వీపు, భుజం మీదుగా తెర కనిపిస్తున్నాయి. తాయారు ఆజ్ఞల్ని కింది నుంచి పైకి చదువుకుంటూ వెళ్లి, మూయని బ్రాకెట్టు పట్టుకుని మూసింది. స్లైడ్లు వచ్చాయి. రుజువు చివరి వరసలు మాత్రం ఇంకా అడుగునే మాయమవుతున్నాయి.

“అక్షరాలు చిన్నవి చేసేయ్, సరిపోతుంది.”

“ఎనకాల కూకున్నోల్లకి కనపడొద్దేటి మేడమ్? రెండు స్లైడ్లు సేద్దాం. ఎక్కడ తెంపాలో మీరు సెప్పండి.”

దుర్గాభవాని ఆలోచించి, మధ్యలో ఒక వరస చూపించింది. తాయారు అక్కడ విరిచి, ఆ వరసను రెండో స్లైడు మొదట్లో మళ్లీ రాసింది. నడిపించింది. ఆజ్ఞలు నడుస్తున్నంతసేపూ ఉండే నల్లటి కిటికీ తెరమీద పరుచుకుంది. ఆ నలుపులో తాయారు ముఖం కనిపించింది. బొట్టు ఇంకా అలాగే ఉంది. దుర్గాభవాని చూపు తిప్పుకోలేదు. ఆమె చూస్తోందని తాయారుకీ తెలిసింది. కిటికీ మూసుకుని స్లైడ్లు తెరుచుకున్నాయి. తాయారు ఒక్కొక్కటే చివరిదాకా తిప్పి చూసింది.

“అయిపోనాది. అత్తా, అట్టుకెల్లి అరుగు మీద ఎట్టు.”

జగ్గమ్మ ల్యాప్‌టాప్‌ని అరుగు మీద పెట్టింది. దుర్గాభవాని తీసుకుంది. వెళ్లొస్తానని ఆ ఇంట్లో చెప్పకూడదు కాబట్టి చెప్పకుండానే వెళ్లింది. తాయారు మళ్లీ చాపమీద కూర్చుంది.

మర్నాడు సాయంత్రం ఫోను మోగితే జగ్గమ్మ కోడలికి అందించింది.

“తాయారూ, అయిపోయింది. డాక్టరేటు ఇస్తామన్నారు.”

“రుజువు రెండు స్లైడ్లూ ఎనకోల్లకి కనబడ్డాయా?”

“కనబడ్డాయి. చివర్న కూర్చున్నాయనే ప్రశ్న అడిగాడు.”

“సరే మేడమ్.”

“నువ్వెలా ఉన్నావ్?”

తాయారు ఫోనుని అత్తకి ఇచ్చేసింది.