కింది గేరి దప్పిక

కోసిగికి అవతల, కాలవ నీళ్లు చేరీ చేరకుండా ఆగిపోయే చోట ఉన్న ఆ ఊళ్లో మాఘం దాటితే మనుషుల కంటే తాళాలే ఎక్కువ కనిపిస్తాయి. మిరప కోతలకు గుంటూరు వైపు పోయినవాళ్లు ఉగాదికి కూడా రారు. పిల్లలు, చాపలు, చట్లు, కోళ్లు అన్నీ బండెక్కి పోతాయి. మిగిలేది ముసలివాళ్లు, కుక్కలు, సుంకన్న.

సుంకన్న నీళ్ల కంపెనీలో లైన్‌మన్. పొద్దున వాల్వు తిప్పి గేరి గేరికీ, అంటే వీధి వీధికీ, నీళ్లు వదలడం, ఎండ దిగాక కట్టేయడం, పైపు పగిలితే వెతికి పట్టడం అతని పని. కంపెనీ నీళ్ల విషయంలో పీనాసి. ఫిల్టర్లు కడిగిన నీళ్లను కూడా పారబోయకుండా మళ్లీ ఊరికి నీళ్లిచ్చే చెరువులోకే తోడుతుంది. మురుక్కాలవ నీళ్లను ఊరి బయట ప్లాంటులో శుభ్రం చేసి రోడ్డు పక్క వేప మొక్కలకూ ఇటుక బట్టీలకూ పంపుతుంది. ఒక్క బొట్టూ వృథా కానివ్వం అని గోడల మీద నీలం రంగుతో రాయించింది. మనుషులు మాత్రం ఏటా బండ్లకు బండ్లు ఊరొదిలి పోతుంటారు. దానికి ఎవరూ మీటరు పెట్టలేదు.

ఆ ఏడు ఎండలు ముదురుతున్నప్పుడు ఇంజనీరు ధనుంజయ సుంకన్నను కింది గేరి మొదట్లో ఉన్న మీటరు దగ్గరికి తీసుకుపోయాడు.

"సుంకన్నా, మీ గేరిలో ఇప్పుడు ఎవరెవరు ఉన్నారు?"

"నేను, గిడ్డమ్మవ్వ, ఇంగ ఇద్దరు ముగ్గురు ముసలోళ్లు సార్. తక్కినోళ్లంతా కోతలకు పోయినారు."

"గేరి నిండా జనం ఉన్నప్పుడు ఎన్ని నీళ్లు పోయాయో ఇప్పుడూ అన్నే పోతున్నాయి. చూడు."

"లీకేమో సార్."

"లీకైతే పట్టుకో. ఆదివారం లోపల దొరక్కపోతే గేరి వాల్వు కట్టేయాలి. వలస పోయినవాళ్లు వచ్చాకే మళ్లీ విప్పేది. పైనుంచి చెప్పారు. చెరువు ఎట్లుందో నువ్వూ చూస్తున్నావు కదా."

ధనుంజయ చెడ్డవాడు కాదు. చెరువులో అడుగు బండలు తేలిన మాటా నిజమే. కానీ వాల్వు కడితే గిడ్డమ్మ పై గేరి దాకా ఎక్కి కడవ మోసుకురావాలి. ఆ వయసులో, ఆ ఎండలో ఆమె చేత కడవ మోయించడమూ ఆమెను చంపడమూ ఒకటే.

మిట్టమధ్యాహ్నం, గేరిలో నీడ అనేదే లేనప్పుడు, సుంకన్న వాల్వు తిప్పే ఇనుప కమ్మీ తీసుకొని బయల్దేరాడు. కమ్మీ ఒక కొన పైపు మీద ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుంటే లోపలి నీళ్ల చప్పుడు వినబడుతుంది. పగిలిన పైపు చప్పుడు అతనికి తెలుసు. తెంపు లేకుండా సన్నగా బుస కొడుతుంది.

ఇది బుస కాదు. గుటకలు.

ఎవరో తాగి, ఊపిరి పీల్చుకొని, మళ్లీ తాగుతున్నట్టుంది. పైపులో గాలి దూరిందనుకున్నాడు. ఇంకో ఇంటి ముందుకు పోయి కమ్మీ ఆనించాడు. అక్కడా గుటకలే, కానీ నిదానంగా, పెద్దవాళ్లు తాగినట్టు. ఆ పక్కింటి దగ్గర ఆత్రంగా, పొలమారేటంత వేగంగా. ప్రతి ఇంటికీ తాళం ఉంది. ప్రతి తాళం వెనక ఎవరో తాగుతున్నారు. నెత్తి మాడిపోయే ఎండలో సుంకన్న మళ్లీ మొదటి ఇంటి దగ్గరికి పోయి కమ్మీ ఆనించాడు.

"ఏమిరా సుంకన్నా, భూమికి జ్వరం జూస్తాండావా?" గిడ్డమ్మ తన గడపలో కూర్చుని నవ్వింది. నోట్లో పళ్లు లేవు గానీ మాటలకు కొదవలేదు.

"లీకు యాడుందో ఎతుకుతాండా అవ్వా."

"లీకు గాదు లేరా. తాగుతాండారు."

"ఎవురు?"

"ఎవురని అడుగుతావేమి? పోయినేడు బండి మీద పోయినోళ్లు. నీ పెండ్లాం గూడా పోయ గదరా!"

కిందటేడు కోతలు ముగించుకొని వస్తూ దారిలో కూలీల బండి బోల్తా పడింది. చచ్చిపోయిన వాళ్లంతా ఈ గేరి వాళ్లే. ఈరక్క, చిన్న ఈరన్న, అతని చిన్నారి కూతురు, ఇంకా చాలామంది. సుంకన్న భార్య నాగలత కూడా. అందరూ అక్కడికక్కడే పోలేదు. ఎండలో రోడ్డు పక్క పడి నీళ్లు నీళ్లు అంటూ పోయారని బతికొచ్చిన వాళ్లు చెప్పారు.

చావు జరిగిన ఇల్లు ఏడాది తిరిగేదాకా ఎండకూడదని ఆ గేరిలో కట్టడి. పోయిన మనిషి దప్పికతో వస్తుందని తలుపు పక్కన కడవలో నీళ్లు పెడతారు. ఇంటివాళ్లు వలస పోతే పక్కింటివాళ్లు నింపుతారు. సుంకన్న కూడా నాగలత కోసం రోజూ ఒక కడవ నింపుతున్నాడు. ఈసారి పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు అంతా ఒకే బండెక్కి పోయారు. గేరి అంతటికీ నింపడానికి మనిషి లేడు.

"అందుకని కొళాయి దారం మందం వదిలి, కింద కడవ పెట్టి తాళమేసుకొని పోయినారు," అంది గిడ్డమ్మ. "కంపెనీ ఆయప్ప అడిగితే చెప్పు, లీకు గాదు, లెక్కలోని మనుషులేనని."

సుంకన్న గోడలు దూకాడు. ప్రతి వాకిట్లో అదే వరస. కొళాయి నుంచి సన్నని ధార, కింద నిండి పొర్లుతున్న కడవ, చుట్టూ పచ్చిగా తడిసిన నేల. ఊరంతా ఎండి పగిలిన చోట ఆ వాకిళ్లలో నాచు పట్టింది. అతను ఒక్కో కొళాయి బిగించుకుంటూ వచ్చాడు.

"మూస్తే మూయి," అంది గిడ్డమ్మ, ఈసారి నవ్వకుండా. "కడవలు మాత్రం నువ్వే నింపల్ల. పోయేటప్పుడు దప్పికతోనే పోయినారు. మళ్లా వాళ్లను ఎండబెట్టొద్దు."

"నింపుతా లే అవ్వా."

నింపాడు కూడా. కానీ మంచినీళ్లతో కాదు. మీటరు మీద ఒక్క కడవ కూడా ఎక్కువ తిరగకూడదన్న భయం ఒకటి, బతికున్న వాళ్లకే చాలని నీళ్లు పోయినవాళ్లకెందుకన్న ఆలోచన ఒకటి. వేప మొక్కలకు ప్లాంటు నీళ్లు తెచ్చే ట్యాంకరు పొద్దున్నే గేరి చివర ఆగుతుంది. అక్కడ బకెట్లు పట్టి వాకిలి వాకిలికీ పోశాడు. నాగలత కడవలో మాత్రం ఎప్పటిలాగే కొళాయి నీళ్లు పోశాడు. చూడ్డానికి తేటగానే ఉన్నాయి. మొక్కలేమీ చచ్చిపోలేదు కదా.

"యాడివిరా ఈ నీళ్లు?" అని అడిగింది గిడ్డమ్మ.

"కొళాయివే," అన్నాడు.

మరుసటి పొద్దున నింపడానికి పోతే కడవలు నిండుగా ఉన్నాయి.

ఆ మర్నాడూ నిండుగానే ఉన్నాయి. అంచు దాకా పోసిన నీళ్లు అంచు దగ్గరే నిలబడి ఉన్నాయి. రాళ్లు పేలే ఎండ. పళ్లెంలో నీళ్లు పోసి గడప దాటి వచ్చేలోపల ఆవిరయ్యే కాలం. ఆ కడవల్లో మాత్రం వేలిమందం కూడా తగ్గలేదు. పిచ్చుక వాలిన జాడ లేదు, చీమ పాకిన జాడ లేదు. చిన్న ఈరన్న వాకిట్లో సుంకన్న వంగి చూశాడు. నీళ్లలో తన ముఖం కనబడింది. దాని వెనక తలుపుకు వేసిన తాళం కనబడింది. ఆ తాళం కదులుతూ ఉంది. తిరిగి చూస్తే కదలడం లేదు.

ఇంటికి వచ్చేసరికి నాగలత కడవ ఖాళీగా ఉంది.

కడవ చుట్టూ నేల తడిగా ఉంది, పదిమంది తొక్కులాడినట్టు. కొళాయి బిగించే ఉంది. కమ్మీ తెచ్చి దాని మీద ఆనించి విన్నాడు. గుటకలు. గేరి అంతా విడివిడిగా విన్న గుటకలన్నీ అక్కడే, ఒకదాని మీద ఒకటి పడి, తోసుకుంటూ వినబడ్డాయి. అతను కడవ నింపాడు. గడపలో కూర్చుని చూస్తుండగానే నీళ్లు తగ్గిపోయాయి.

శనివారం ధనుంజయ వచ్చి గేరి మీటరు చూసి, ఆ తర్వాత ఇళ్ల మీటర్లు చూశాడు.

"తాళం వేసిన ఇళ్లలో ఆగిపోయింది, బాగుంది. కానీ నీ ఇంట్లో ఇదేంది సుంకన్నా? ఒక్కడివే కదా?"

"చుట్టాలొచ్చినారు సార్."

"ఇంటి నిండానా?"

"గేరంతా సార్."

ధనుంజయ మూసిన తలుపుల వైపు, ఖాళీ గేరి వైపు చూశాడు. "రేపు పొద్దున వస్తా. ఇట్లే ఉంటే వాల్వు కట్టాల్సిందే," అని బండెక్కాడు.

సుంకన్న నేరుగా గిడ్డమ్మ దగ్గరికి పోయాడు. "తప్పు జేసినానవ్వా. మురికినీళ్లు కడిగి మొక్కలకు పోస్తారే, అవి పోసినా."

"ఊరోళ్లు కడుక్కున్న నీళ్లు తెచ్చి ఈరక్క ముందర పెట్టినావా? ఆమె బతికున్నప్పుడు చెంబు మూడుసార్లు తోమంది తాగేది కాదురా!" అని గిడ్డమ్మ కొంగు నడుముకు దోపుకొని లేచింది. "పా. నేనూ వస్తా."

ఇద్దరూ వాకిలి వాకిలికీ పోయారు. నిలిచిపోయిన నీళ్లను మోసుకొచ్చి వేప మొక్కల మొదట్లో పోశారు. మొక్కలు గటగటా పీల్చుకున్నాయి. కడవలు తోమి, సుంకన్న ఇంటి కొళాయి నీళ్లు తెచ్చి నింపారు. ప్రతి చోటా సుంకన్న మూసిన తలుపు వైపు తిరిగి, ఎవరి ఇంట్లో వాళ్లే తాగండమ్మా, మీ నీళ్లు ఈడే ఉండాయి, అన్నాడు. పొలమారే గుటకలు విన్న వాకిట్లో మాత్రం ఇంకో మాట కలిపాడు. నిదానంగా తాగు పాపా, ఎవరూ తీసుకోరు.

ఇక నుంచి కడవలకు మంచినీళ్లే. తన స్నానానికీ బట్టలకూ ట్యాంకరు నీళ్లు.

ఆదివారం ధనుంజయ మీటరు ముందు వంగి కూర్చున్నాడు. ముల్లు కదిలీ కదలనట్టుంది. గిడ్డమ్మ కొళాయి విప్పితే కదిలింది, కట్టేస్తే ఆగింది. "వాల్వు ఉండనీ," అని లేచాడు. "ఇంతకీ మీ చుట్టాలు?"

"యాడోళ్లు ఆడికి పోయినారు సార్."

తిరిగి వచ్చేటప్పుడు ప్రతి వాకిట్లోకీ తొంగి చూశాడు సుంకన్న. ఈరక్క కడవ తగ్గింది. చిన్న ఈరన్నది తగ్గింది. ఆ పాప కోసం పెట్టిన చిన్న బిందె అడుగంటింది.

చివరికి తన ఇంటికి వచ్చాడు. తలుపు తోసుకొని లోపలికి పోయాడు. నేల పొడిగా ఉంది. ఎవరూ తొక్కిన జాడ లేదు. నాగలత కడవలో నీళ్లు కొంచెమే తగ్గాయి, ఒక్క మనిషి దప్పిక తీరేటన్ని.