చేపల తొట్టికి సందు మేస్త్రి చేసిన స్టాండు

మా బావ కుడిచేతి బొటనవేలు ఇప్పుడు వంగదు. చొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడు అది పక్కన నిలబడి మిగతా వేళ్ళ తంటాలు చూస్తూ ఉంటుంది. ఎవరైనా అడిగితే "తలుపులో పడింది" అంటాడు. తలుపులు బిగించే మనిషి కాబట్టి ఎవరూ మారు మాట్లాడరు. అసలు సంగతి ఆ ఇంట్లో వాళ్ళకీ, పక్క వాటాలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టుకునే నాకూ తెలుసు. ఆయన ఎదుట నేనూ నోరు మెదపను. ఇక్కడ మాత్రం ఊరుకోను.

తలుపు బిగించడంలో ఆయనకి పేరు పెట్టేవాడు లేడు. ఆయన బిగించిన తలుపు ముసురు పట్టినా పట్టెయ్యదు, ఎండలు మండినా వదులవదు. అందులో మర్మం ఒక్కటే. చెక్కకీ చెక్కకీ మధ్య ఎప్పుడూ గోరు దూరేంత సందు వదులుతాడు. "చెక్కకి ఊపిరాడాలి" అంటాడు. తలుపు చేసినా, కిటికీ చేసినా, చివరికి మా అక్కకి వంటింట్లో కూర్చునే పీట చేసినా సందు వదిలాడు. అందుకే వీధి వీధంతా ఆయన్ని సందు మేస్త్రి అంటారు. వాళ్ళ పెళ్ళైన కొత్తలో నేను, "బావా, మా అక్కకీ నీకూ మధ్య కూడా వదిలావా ఏంటి సందు?" అని ఆటపట్టిస్తే చెవుల దాకా ఎర్రబడి, రంపం పట్టుకుని పెరట్లోకి పారిపోయాడు. అంత మెత్తని మనిషి. పని విషయంలో మాత్రం ఎవరి మాటా చెవిన పెట్టడు.

కొన్నాళ్ళుగా తలుపులు చట్రంతో సహా ఫ్యాక్టరీ నుంచే వస్తున్నాయి. నలుగురు కుర్రాళ్ళు వచ్చి, నిలబెట్టి, సందుల్లో గట్టిపడే నురగ కొట్టి వెళ్ళిపోతారు. బావని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. పని లేక ఇంట్లో ఉన్న గొళ్ళేలన్నీ విప్పి బిగించాడు, బిగించి విప్పాడు. మా అక్క మొహం చాటుకి తిప్పుకుని నిట్టూర్చేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది, ఆయన మీద కాదు, ఆ నురగ మీద.

సరిగ్గా అప్పుడే అత్తయ్యగారికి, అంటే బావ తల్లికి, పక్షవాతం వచ్చింది. కుడివైపు కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట కూడా పోయింది, ఒక్కటి తప్ప. ఆ మిగిలిన మాట "వస్తోంది". జబ్బు చెయ్యకముందు వీధిలోకి నీళ్ళ ట్యాంకరు రాగానే "వస్తోందీ!" అని ఆవిడ పెట్టే కేకకి అందరూ బిందెలతో బయటపడేవాళ్ళు. అన్ని మాటలూ పోయినా అది పోలేదు. ఆకలేసినా వస్తోంది, దాహమేసినా వస్తోంది, దోమ కుట్టినా వస్తోంది. గొంతుని బట్టి మేం పోల్చుకునేవాళ్ళం. మా అక్క అయితే ఆ ఒక్క మాటతోనే అత్తగారితో పోట్లాడేది కూడా.

వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి ఒక చిక్కు చెప్పింది. ఆవిడ కుడివైపు అసలు చూడటం లేదట. అటువైపు ప్రపంచమే లేనట్టు ఉంటోందట. "మంచానికి కుడిపక్కన కదిలేదేదైనా పెట్టండి. దాని కోసమైనా తల తిప్పుతారు. లేకపోతే ఆ వైపు పూర్తిగా మర్చిపోతారు" అంది.

ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అద్దాల చేపల తొట్టి వదిలేసిపోతున్నారని తెలిసి బావ వెళ్ళి తెచ్చాడు. ఆయన మొహంలో వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో. తొట్టి పొడుగు మంచంలో సగానికి పైనే ఉంది. దానికి స్టాండు కావాలి. మంచం మీద పడుకున్న మనిషి కళ్ళకి కాస్త పైగా చేపలు కనిపించాలి.

చేపలు అమ్మే షాపతను తొట్టిని ఎగాదిగా చూసి, "ఇనుప స్టాండు చేయించుకోండి మేస్త్రీ. నీళ్ళు నింపితే నాలుగు సిమెంటు బస్తాల బరువుంటుంది" అన్నాడు.

"నా చెక్క ముందు నీ ఇనుమెంత? తుప్పు పట్టే సరుకు" అన్నాడు బావ.

పాత ద్వారబంధాల టేకు తీశాడు. రాయిలాంటి చెక్క. దాన్ని చిత్రిక పట్టి, నున్నగా తోమి, మెరుగు పెట్టాడు. పెరడంతా రంపపు పొట్టు. ఆ వారమంతా ఆయన ఈల వేసుకుంటూ తిరిగాడు. చూడ్డానికి ఆ స్టాండు ఎంత ముచ్చటగా ఉందంటే, నా మిషను కూడా దాని మీద పెట్టుకోవాలనిపించింది.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు తర్వాత తెలిసింది. బరువు మోసేదానికి పై చట్రం కాళ్ళ నెత్తిన కూర్చోవాలి. చెక్క మీద చెక్క. మా బావ జీవితమంతా చేసింది తలుపులు. తలుపు దేని మీదా కూర్చోదు, పక్కనున్న చెక్కకి మరమేకులతో వేలాడుతుంది. ఆయన చేతులకి తెలిసింది అదే. పై చట్రాన్ని నాలుగు కాళ్ళకీ లోపలి వైపు మరలతో బిగించాడు. మూల మూలకీ గోరు దూరేంత సందు కూడా వదిలాడు, ఊపిరాడటానికి. నాలుగు బస్తాల నీళ్ళూ ఆ మరల మెడకి వేలాడాయి.

అప్పుడు మాకివేవీ తెలియవు. గట్టిదో కాదో చూద్దామని ముగ్గురం దాని మీద ఎక్కి కూర్చున్నాం. నేను ఊగాను కూడా. "చూశావా మరదలా, కిమ్మంటే ఒట్టు" అన్నాడు. నిజమే, కిమ్మనలేదు. మనుషులం కూర్చుంటాం, లేచిపోతాం. నీళ్ళు లేచిపోవు కదా.

నీళ్ళు నింపి చేపల్ని వదిలిన రోజు అత్తయ్యగారు మెల్లగా తల కుడివైపు తిప్పారు. ఎర్ర చేప ఒకటి అద్దం దాకా వచ్చింది. "వస్తోంది" అన్నారు. జబ్బు చేశాక ఆ మాటని అచ్చంగా దాని అసలు అర్థానికే వాడటం అదే మొదలు. మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోవడం దేనికి.

ముసురు పట్టింది. గోడలు చెమర్చాయి. ఆ గదిలో ఏదో చిన్నగా కిర్రుమనేది. పళ్ళు నూరుతున్నట్టు ఒక్కసారి కిర్రుమని ఊరుకునేది. "గాలి మోటారు చప్పుడు" అన్నాడు బావ. మోటారు ఆపి చూడమన్నాను. ఆపితే చేపలకి ఊపిరాడదన్నాడు.

ఒకనాడు నేను తొట్టి పక్కగా నిలబడి చూస్తే, నీటి మట్టం మంచం వైపు అద్దం మీద వేలెడు ఎక్కువగా ఉంది. నీళ్ళకి పక్షపాతం ఉండదు. ఒరిగింది తొట్టే.

"బావా, ఇది మంచం మీదకి వాలుతోంది."

"నేల వాటం అది. నీళ్ళు బయటికి పోవాలని గదికి వాటం పెడతారు. నీకు బట్టల సంగతి తెలుసుగానీ ఇళ్ళ సంగతి ఏం తెలుసు?"

"నేల వాటం మొన్న లేదుగా?"

ఆయన మొహం మాడిపోయింది. లేచి బయటికి వెళ్ళిపోయాడు. మా అక్క నన్ను వంటింట్లోకి లాగింది. "నీ నోటికి దణ్ణం పెడతానే. ఇన్నాళ్ళకి ఆయన చేతిలో ఒక పని పడింది. తల్లి కోసం చేసుకున్నాడు. దానికీ వంకలు పెట్టకపోతే నీకు తోచదా?" అంది. ఆ తర్వాత నేను మట్టం చూడటం మానలేదు గానీ, చెప్పడం మానేశాను. మా ఇళ్ళల్లో ప్రేమ అంటే అదే, మనసు నొచ్చుకుంటుందని నోరు కుట్టేసుకోవడం.

నోరు కుట్టేసుకోనిది అత్తయ్యగారొక్కరే. ఆవిడ "వస్తోంది" గొంతు మారింది. చేపని చూసిన గొంతు కాదది. మిట్టమధ్యాహ్నం, ఇల్లంతా ఎవరి పనుల్లో వాళ్ళుంటే, ఉన్నట్టుండి "వస్తోంది, వస్తోంది" అనేవారు. మా అక్క బేసిను తీసుకుని పరిగెత్తేది. అది కాదు. మంచినీళ్ళు. అదీ కాదు. ఎడమ చేత్తో మంచం పట్టె పట్టుకుని, తల గోడ వైపు తిప్పేసుకునేవారు. కుడివైపు చూడనంటే చూడనని.

"మళ్ళీ మొదటికొచ్చింది" అని దిగులు పడ్డాడు బావ. "దూరమైపోయినట్టుంది, సరిగ్గా కనపడటం లేదు" అన్నాడు. మంచాన్ని తొట్టి దగ్గరికి ఇంకాస్త జరిపి, తలవైపు రెండు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తాడు. తల్లి మొహం అద్దానికి దగ్గరగా వచ్చింది. ఆవిడ కొడుకు కళ్ళలోకి చూసి "వస్తోంది" అన్నారు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు నిదానంగా. "అవునమ్మా, చేప వస్తోంది" అన్నాడు ఆయన, నవ్వుతూ. నేను మళ్ళీ నీటి మట్టం చూశాను. అయినా నోరు విప్పలేదు.

ఆ రోజు మధ్యాహ్నం కుట్టిన తలగడ గలీబులు ఇచ్చొద్దామని వెళ్ళాను. అత్తయ్యగారు ఆపకుండా అదే మాట అంటున్నారు. గొంతు బొంగురుపోయింది. మా అక్క చేతులెత్తేసి మంచం కాళ్ళ వైపు నిలబడింది. బావ విసుగుతో, విసుక్కున్నందుకు సిగ్గుతో, మంచానికీ స్టాండుకీ మధ్య ఇరుకులో మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఎక్కడమ్మా వచ్చేది? ఏం వస్తోంది? నాకూ చూపించు" అంటూ ఆవిడ తలగడ మీద తన తల ఆనించి, ఆవిడ చూసే వైపు చూశాడు.

నిలబడిన మనిషికి ఆ స్టాండు పై అంచూ, మెరుగూ కనిపిస్తాయి. తలగడ మీద నుంచి చూస్తే చట్రం అడుగు కనిపిస్తుంది. ఆయన వదిలిన గోరంత సందు వేలు పట్టేంత అయింది. అందులోంచి అవతలి కిటికీ వెలుతురు కనిపిస్తోంది. మరల తలలు కిందికి వంగి, చెక్కని చీల్చుకుంటూ వస్తున్నాయి. రోజూ, పొద్దస్తమానం, ఆవిడ చూస్తున్నది చేపల్ని కాదు.

బావ గొంతు పెంచలేదు. "దుప్పటితో సహా అమ్మని కాళ్ళ వైపు నుంచి లాగెయ్యండి. ఇద్దరూ. ఇప్పుడే" అన్నాడు. అంటూనే కుడి భుజం చట్రం కింద పెట్టాడు. తలుపు నిలబెట్టేటప్పుడు మర ఎక్కేదాకా అలాగే ఆనిస్తాడు. ఇది తలుపు కాదు. ఆయన మెడ నరాలు తాళ్ళలా పొంగాయి. పక్కన చెక్క చిటపటమంది.

నేనూ అక్కా దుప్పటి అంచులు పట్టుకుని లాగాం. ఆవిడ కదిలి, ఆగిపోయారు. మళ్ళీ లాగాం. రారే! చూస్తే, ఎడమ చెయ్యి అడ్డంగా చాచి కొడుకు చొక్కా కాలరు పిడికిట బిగించి పట్టుకున్నారు.

"వదులమ్మా!" అన్నాడు బావ. "నీకు దణ్ణం పెడతాను, వదులు. నేనొదిలితే నీ మీద పడుతుంది."

ఆవిడ వదల్లేదు. నెలల తరబడి చెంచా కూడా సరిగ్గా పట్టుకోని మనిషికి ఆ పట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో. మా అక్క కెవ్వుమని అరిచి, నడుం విరిగేలా గుంజింది. నేనూ గుంజాను. తల్లితో పాటు కొడుకూ వచ్చాడు. నలుగురం ఒకరి మీద ఒకరం గడప దగ్గర పడ్డాం. వెనక పెద్ద చప్పుడు. తొట్టి సరిగ్గా తలగడ మీద దిగి పగిలింది. చివర్లో వెనకబడ్డ ఆయన కుడిచేతిని, బొటనవేలి మొదట్లో, ఒక అద్దం పెచ్చు కోసుకుంటూ పోయింది.

నీళ్ళు గది దాటి వసారాలోకి వచ్చాయి. ఎర్ర చేప నా చీర కుచ్చిళ్ళలో కొట్టుకుంటోంది. ఎవరికీ దాన్ని చూసే తీరిక లేదు. బావ రక్తం కారుతున్న చెయ్యి కడుపుకి అదుముకుని, ఇంకో చేత్తో తల్లి మొహం తడుముతూ, "తగిలిందా అమ్మా? ఎక్కడైనా తగిలిందా?" అంటున్నాడు. పిచ్చివాడిలా అదే మాట.

అత్తయ్యగారు కాలరు వదిలారు. ఎడమ చెయ్యి ఎత్తి, ఆయన చెంప మీద ఛెళ్ళుమని కొట్టారు.

బావ మొహం పక్కకి తిప్పుకోలేదు. "కొట్టమ్మా, ఇంకోటి కొట్టు" అన్నాడు. తల ఆవిడ ఒళ్ళోకి వంచి, భోరుమన్నాడు. నేను ఆయన్ని అలా చూడటం అదే మొదలు.

ఆవిడ ఇంకోటి కొట్టలేదు. ఆ చేతి వేళ్ళనే ఆయన జుట్టులోకి పోనిచ్చి, అద్దం పెంకులు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టారు.