కథలో నేను కలిపిన చద్దన్నం

కంకిపాడు దగ్గర ఒక బడిలో రెండో తరగతికి పాఠాలు చెబుతాను. గాజు చెప్పు పోగొట్టుకున్న అమ్మాయి కథను కిందటేడు మన ఊరి కథగా మార్చి చెప్పాను. సవతి తల్లి తన కూతురికి వేడన్నం పెట్టి, ఈ పిల్లకు రోజూ చద్దన్నం పడేస్తుందని కల్పించాను. ఆమె గొంతును అనుకరిస్తే పిల్లలు పడీపడీ నవ్వారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడో రోజు మా తరగతి లాస్య వాళ్లమ్మ బడికి వచ్చింది.

"మాస్టారూ, పిల్ల నా చేతి ముద్ద ముట్టట్లేదండీ. పెరుగేసి చద్దన్నం కలిపిస్తే 'నువ్వూ సవతి తల్లివేగా' అంటోంది. ఈ ఎండలకి వేడి చేయకూడదనే కదండీ పెడుతున్నా!"

ఆమె లాస్యను కన్న తల్లి కాదని నాకు ముందే తెలుసు. పిల్లల్ని నవ్వించే ధ్యాసలో మరిచిపోయాను.

"తప్పు నాదేనమ్మా, క్షమించండి."

"నాకెందుకండీ? దానికి చెప్పండి."

ఆమెను తరగతిలోకి తీసుకెళ్లి, "చద్దన్నం సంగతి అసలు కథలో లేదర్రా, నేనే కల్పించాను. మా అమ్మా నాకు అదే పెట్టేది" అని అందరి ముందూ ఒప్పుకున్నాను.

"అయితే మీరు అబద్ధం చెప్పారా సార్?" అంది లాస్య.

"అవునమ్మా."

లాస్య లేచి వెళ్లి తల్లి కొంగు పట్టుకుంది.

ఎక్కడిదో కథను మన ఇళ్లలోకి తెచ్చేటప్పుడు, ఆ ఇళ్లలో ఎవరెవరున్నారో ముందు చూసుకోవాలని ఆ ఏడేళ్ల పిల్ల వల్లే తెలుసుకున్నాను.