చెల్లికీ కలపాలి

"అయితే చెల్లి వయసు మైనస్ ఆరంటావు. ఇంకా ఆరేళ్లకి గానీ పుట్టదన్నమాట. ఉయ్యాల ఇప్పుడే కొనకు," అంది టీచరమ్మ. రిటైరై ఇన్నేళ్లయినా, వేళ్లకి సుద్దపొడి అంటినట్టు ఒళ్లో తుడుచుకోవడం ఆవిడ మానలేదు. రోజూ సాయంత్రం కుట్టుమిషన్‌కి ముసుగేసి, పదో తరగతి పరీక్షకని లెక్కలు చెప్పించుకోడానికి వచ్చే దర్జీ నవ్వేసింది. లెక్క చిన్నదే. అక్క వయసు ఇప్పుడు చెల్లికి మూడు రెట్లు, ఆరేళ్లు పోతే రెండు రెట్లే. "చెల్లి వయసు ఎక్స్ అనుకున్నావు, బానే ఉంది. మరి ఆ ఆరేళ్లూ అక్కకే కలిపావేం? చెల్లి అక్కడే కూర్చుండిపోయిందా? ఇద్దరికీ కలుపు తల్లీ." కలిపితే చెల్లికి ఆరు, అక్కకి పద్దెనిమిది వచ్చాయి.

పుస్తకం మూస్తూ దర్జీ మెల్లిగా అంది, "మీరూ అంతేగా టీచరుగారూ. తన కొడుకు పెళ్లికి అందరికన్నా ఆఖర్న పిలిచిందని మీ చెల్లెలితో మాటలు మానేశారు. చిన్నది, అదే ముందు పలకరించాలంటారు. ఆవిడకిప్పుడు ఎన్నేళ్లు?" "యాభై తొమ్మి..." అనబోయి టీచరమ్మ ఆగింది. అది మాటలు మానేసిన నాటి వయసు. ఆ తర్వాత గడిచిన ఐదేళ్లూ కలిపితే అరవై నాలుగు. తనకి అరవై ఏడు. తనకి ఆరేళ్లప్పుడు అది మూడేళ్ల పిల్ల, వయసులో సగం, చెయ్యి పట్టుకుని నడిపించాల్సొచ్చేది. ఇప్పుడింకేం చిన్నది? ఇద్దరూ గోడ పట్టుకుని మెట్లెక్కేవాళ్లే. దర్జీని సాగనంపి ఫోన్లో నంబరు వెతికింది. ముందు మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయో అడగాలి. పెళ్లి మాట అదే ఎత్తితే అప్పుడు చూసుకోవచ్చు.