లేత అద్దం

ఆ షెడ్డులో అందరూ ఆయన్ని చుక్కలాయన అంటారు. ఇరవై ఏళ్ళకు పైగా ఇనుముకి ఇనుము అతికిస్తూ, ఒంటిమీద నిప్పురవ్వలు రాల్చుకుంటూ బతికిన వెల్డరు. చొక్కాలన్నీ చిల్లులే. "వీటిని ఉతికే బదులు పిండి జల్లించుకోవచ్చు" అంటుంది భార్య.

ఏడాదిగా ఆయన కళ్ళ ముందు మంచు పరుచుకుంటోంది. ముసుగులోని నల్లద్దం వెనక నుంచి అతుకు గీత కనిపించడం మానేసింది. ఎవరికీ చెప్పకుండా, గ్యాస్ కటింగువాళ్ళు వాడే లేత పచ్చద్దం బిగించుకున్నాడు. అది మిగిలిన చూపునీ తినేస్తోందని తెలుసు. అయితే మాత్రం, చూపు తగ్గిన వెల్డరుకి పనెవరిస్తారు?

ఆ రోజు సూర్యగ్రహణం. పొద్దున్నే మేస్త్రీ ఒక అద్దం తెచ్చి చేతిలో పెట్టాడు.

"పద్నాలుగో నంబరు. సూర్యుణ్ణి చూడాలంటే ఇంత నలుపుండాలి. నీ ముసుగులో బిగించు, తలా ఒక్క చూపు చూద్దాం."

బిగించాలంటే పచ్చద్దం బయటికి తీయాలి. పక్కనేమో బావమరిది, అదే షెడ్డులో ఫిట్టరు, జిగురులా అతుక్కున్నాడు. చుక్కలాయన కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"ఏంటి బావా, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావ్?"

"నీ పని నువ్వు చూసుకో. పోయి మంచినీళ్ళు పట్రా."

"నీ మోచేతి దగ్గరే ఉంది కదా సీసా!"

బయట ఎండ పలచబడింది. నీడల అంచులు కత్తితో కోసినట్టు పదునెక్కాయి. మేస్త్రీ ఈల వేశాడు. అంతే, అద్దం ఎప్పుడో బిగించేసి ఉంటాడనుకుని బావమరిది ముసుగు ఎత్తుకుని వాకిట్లోకి పరుగు తీశాడు.

"మొదటి చూపు నాదే!"

చుక్కలాయన వెనకే పరిగెత్తాడు. దారిలో ఇనుప కడ్డీ కనిపించక తట్టుకుని పడ్డాడు. లేచేసరికి బావమరిది ముసుగు తగిలించుకుని గడ్డం పైకెత్తుతున్నాడు. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. విప్పకపోతే వాడి కళ్ళు.

"చూడకురా! అద్దం మార్చలేదు!"

చుక్కలాయన కొట్టిన ఒక్క దెబ్బకి ముసుగు ఎగిరి నేల మీద పడింది.

"సూర్యుడేమైనా నీ సొత్తా బావా?"

మేస్త్రీ ముసుగు తీసి తిప్పి చూశాడు. ముఖం మారింది.

"ఇది గ్యాస్ అద్దం కదయ్యా. దీంతో చేస్తున్నావా పని? ఎన్నాళ్ళుగా?"

"ఏడాదిగా. నల్లద్దంలో గీత కనిపించట్లేదండి."

మేస్త్రీ ఆయన దగ్గర నల్లద్దం తీసుకుని తనే బిగించాడు. "రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఆయన సరేనన్నాకే అతుకు పని. లేదంటే... తర్వాత మాట్లాడదాం."

ఆ 'తర్వాత' ఏమిటో ఎవరికీ తెలియదు.

బావమరిది ముసుగు తెచ్చి ఆయనకే తొడిగాడు. "ముందు నువ్వు చూడు బావా. కనిపిస్తోందా?"

అవుననబోయి ఆగాడు. "ఏదో మసక వెలుగురా. అంతే."

"మా అక్కకి తెలుసా?"

"తెలీదు."

ముసుగు తీసేయబోయాడు. మెడ మీద ఓ చెయ్యి పడి, ఆయన తలని మెల్లగా నేల వైపు వంచింది.

"కిందికి చూస్తూ తియ్యి బావా. రేపు నేనూ వస్తున్నా."